గంట మోగకముందు కొట్టిన దెబ్బ

బంతి వచ్చి తగిలేసరికి ఆమె వంగి బంకరనే గోతిలో ఇసుక దువ్వుతోంది. ఎడమ కన్ను మీద తగిలింది. గోల్ఫు బంతి చేతిలో పట్టుకుంటే పిల్లలాడుకునే వస్తువులాగే ఉంటుంది. దిబ్బ అవతలి నుంచి గాలిలో లేచి వచ్చి తగిలితే మాత్రం రాయి. ఆమె ఉన్నచోటే కూలబడింది. బంతి ఆమె చెంప మీద నుంచి ఎగిరి, బంకరు గట్టు దాటి, గ్రీన్ అనే నున్నటి పచ్చిక మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పాతిన జెండా కర్ర పక్కన బుద్ధిగా ఆగింది.

ఆ రోజు కప్పు ఫైనలు. దిబ్బ ఎక్కి చూసినవాళ్ళు ముందు బంతిని చూశారు. "అబ్బ, జెండాకి జానెడు దూరం!" అని కేకలు పెట్టారు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో మొహం మూసుకున్న మనిషిని ఆ తర్వాత చూశారు. మనిషికి తగిలినా, పక్షికి తగిలినా, బంతి ఆగినచోటి నుంచే ఆడాలని ఆ ఆటలో రూలు. ఆమెను ఇసుక తోలే తోపుడుబండిలో పడుకోబెట్టి తీసుకుపోతుండగా, ఆ బంతి కొట్టిన పెద్దమనిషి ఒక చిన్న పోటుతో బంతిని గుంటలోకి నెట్టి కప్పు గెలిచాడు. చప్పట్లు కొట్టారు. బండిలో ఉన్న ఆమెకు ఆ చప్పట్లు వినిపించాయి. కన్ను పోయింది గానీ చెవులకేం కాలేదు కదా.

ఇది అర్థం కావాలంటే ఆ మైదానం ఎలా ఉంటుందో తెలియాలి. అది సముద్రం పక్కన ఉంది. దాన్ని వేసిన పాతకాలపాయన పెద్దగా తవ్వలేదు, పూడ్చలేదు. గూటాల మోపు చంకన పెట్టుకుని ఇసుక దిబ్బల మధ్య నడిచాడట. గాలికి జడిసి మేకలు నక్కి పడుకున్న గోతులు కనిపిస్తే ఇది బంకరు అన్నాడట. నేల తనంతట తనే సాపుగా ఉన్నచోట గూటం పాతి ఇది గ్రీన్ అన్నాడట. సగం ఆట సముద్రం వెంట పోతుంది, సగం తిరిగి వస్తుంది. పోయేటప్పుడు వీపున తోసిన గాలే వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. అక్కడ బంతిని ఆకాశంలోకి లేపినవాడు వెర్రివాడు. నేల గట్టిది, గడ్డి పొట్టిది. బంతిని కిందగా కొట్టి నేల మీద పరిగెత్తించాలి, ఏ మిట్ట ఎటు తోస్తుందో ముందే ఊహించుకోవాలి. అంతా చేసి బ్రహ్మాండంగా కొట్టిన బంతి ఒక బొడిపెకు తగిలి బంకరులో పడుతుంది. చెత్తగా కొట్టింది గునగునా నడుచుకుంటూ జెండా దగ్గరికి పోతుంది. "న్యాయం అడిగేవాడికి ఈ మైదానం పనికిరాదు" అని సభ్యులు మురిసిపోతూ చెప్పుకుంటారు. ఓడినా ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాళ్ళకి అన్యాయం భలే రుచిగా ఉంటుంది.

ఆ మైదానంలోని గుంటల్లో ఒకదాన్ని, ఆటగాళ్ళ కర్రల సంచీలు మోసే క్యాడీలు గుడ్డిగుంట అంటారు. పొట్టిది, ఒక్క దెబ్బలో చేరిపోవచ్చు. కానీ బంతి కొట్టే గట్టు మీద నిలబడితే ఎదురుగా రెండంతస్తుల మేడంత ఇసుక దిబ్బ తప్ప ఏమీ కనపడదు. దిబ్బ నెత్తిన సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంటుంది. దాని మీదుగా కొట్టాలి. అవతల గిన్నెలాంటి పల్లం, పల్లంలో గ్రీన్, గ్రీన్ చుట్టూ నిలువు గోడల బంకర్లు. కొట్టినవాడికి తన బంతి ఏమైందో తెలియదు. కర్ర చేతబట్టుకుని దిబ్బ ఎక్కి చూడాలి. కీళ్ళనొప్పుల సభ్యులు కూడా ఆ ఇసుకలో పిల్లల్లా పరిగెడతారు. ఆ పరుగు కోసమే ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

పల్లంలో మనిషి ఉన్నదీ లేనిదీ ఇవతలివాళ్ళకి తెలియదు కాబట్టి, అక్కడ ఒక స్తంభానికి గంట కట్టారు. పల్లం ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు తాడు లాగి మోగిస్తారు. గంట మోగాకే ఇవతలివాడు కొట్టాలి. ఆ మైదానంలో గొప్పవాడికీ లేనివాడికీ ఒక్కటే అయిన కట్టుబాటు అదొక్కటే.

ఫైనలు రోజున ఇసుక దువ్వేశాక గంట మోగించాల్సింది ఆమే. ఆమె మోగించలేదు. దువ్వడం ఇంకా అవనేలేదు.

విచారణ క్లబ్బు మేడ మీది గదిలో జరిగింది. కప్పు గెలిచిన పెద్దమనిషి గంట మోగిందన్నాడు. ఎదుటి ఆటగాడు తను సరిగ్గా గమనించలేదన్నాడు. ఇక మిగిలింది పెద్దమనిషి సంచీ మోసిన క్యాడీ. కొత్తగా పనిలో చేరినవాడు. అందరూ కుర్చీల్లో కూర్చుని ఉంటే తనొక్కడూ నిలబడి, వాళ్ళ బూట్ల వైపు చూస్తూ, "మోగిందండీ" అన్నాడు.

అతను ఆమె తోడబుట్టిన తమ్ముడు. తల్లి పోయాక ఆమె చంకనేసుకుని పెంచిన తమ్ముడు. కాళ్ళావేళ్ళా పడి అతన్ని ఆ పనిలో పెట్టించింది కూడా ఆమే.

దాంతో తప్పు ఆమెదే అయింది. గంట మోగించి పల్లంలోంచి కదలకుండా నిలబడిన నిర్లక్ష్యం. దెబ్బ తిన్నదీ తనే, ముద్దాయీ తనే. క్లబ్బువాళ్ళది జాలిగుండె కనక పనిలోంచి తీసేయలేదు. ఒంటికన్నుతో ఇసుక సరిగ్గా దువ్వలేదని, దిబ్బ దగ్గర గంట కొట్టే పనికి మార్చారు. ఏ గంట మోగిందని అబద్ధమాడారో ఆ గంటే. అప్పటి నుంచి ఆమె అందరికీ గంటత్త.

ఇదంతా ఆమె మేనల్లుడికి ఊహ తెలియకముందు జరిగింది. ఆ తమ్ముడి కొడుకే ఇతను. ఇప్పుడు అదే మైదానంలో గడ్డి కోసే బండి తోలుతాడు. ఊహ తెలిసేసరికి అతనికి ఇంట్లో ఒక గంట కథ, అత్త గదిలో ఇంకో గంట కథ ఉన్నాయి. అత్త "మోగలేదురా" అనేది. నాన్నని అడిగితే "అన్నం తిను" అనేవాడు. అన్నం తిని మళ్ళీ అడిగితే "పడుకో" అనేవాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ రోజూ దిబ్బ దగ్గర ఎదురుపడతారు. ఆయన సంచీ భుజానేసుకుని దిగుతాడు, ఆమె తాడు పట్టుకుని నిలబడుతుంది. మాటల్లేవు. చెప్పాల్సిందేదైనా ఉంటే మేనల్లుడి నోటితోనే అటూ ఇటూ వెళ్ళేది.

ఆమె ఎప్పుడు కబురు పంపినా చివర ఒకటే ముక్క. "మీ నాన్నతో చెప్పు. నాకు వాళ్ళ కప్పూ వద్దు, కన్నూ వద్దు. గంట మోగలేదని ఆ ఒక్క మాట నలుగురిలో అనమను."

మేనల్లుడు ఆ కబురు మోసి మోసి విసిగిపోయాడు. మోసిన ప్రతిసారీ నాన్న ఒకేలా తల వంచుకునేవాడు. ఆయనకు క్యాడీల షెడ్డులో చిత్తం అని పేరు. ఎవరేమన్నా చిత్తమే.

"చిత్తంగారూ, ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడంట కదా?" అని ఒకడు అడిగేవాడు.

"సభ్యులెవరన్నా అంటే పొడిచే ఉంటాడ్రా" అని ఇంకొకడు అందుకునేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. అది చూస్తే మేనల్లుడికి ఒళ్ళు మండిపోయేది.

అంతకన్నా మండించేది ఇంకొకటి ఉంది. క్లబ్బు గోడ మీద ఇత్తడి పలక పెట్టి, ఆ దెబ్బను అదృష్టాల్లోకెల్లా అదృష్టమని చెక్కించారు. సభ్యులు దాన్ని ఎంతగా ముద్దు చేశారంటే, ఆ మైదానంలో ఎవడి బంతికైనా దేనికో తగిలి మంచి గెంతు దొరికితే "చెంప పడింది!" అని అరుస్తారు. బంతి రాయికి తగిలినా చెంపే, గూటానికి తగిలినా చెంపే. ఆ చెంప ఎవరిదో కొత్త సభ్యులకు తెలియను కూడా తెలియదు. ఆ చెంప గల మనిషి గంట పక్కన నిలబడి రోజూ ఆ మాట వింటుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుక కన్ను పోగొట్టుకున్నాక పిల్లి దాని పేరు మీద సామెత కూడా కట్టుకుంది.

"ఎలా భరిస్తావత్తా?" అని మేనల్లుడు ఒకసారి అడిగాడు.

"భరిస్తున్నానని నీకెవరు చెప్పార్రా?" అంది ఆమె. "ఒక్కోడి దెబ్బకి ముందు గంట ఎంతసేపు ఆపుతానో చూడలేదూ? చెంప అని అరిచినవాడు గట్టు మీద నిలబడి గాలికి గడ్డకట్టాల్సిందే. తాడు నా చేతిలో ఉంది."

ఆమె నోరు మంచిది కాదు. ఆమెను మంచిమనిషి అన్నవాడు లేడు. పల్లంలోంచి తీరుబడిగా నడిచే సభ్యుల్ని "కాళ్ళకి మేకులేమన్నా దిగాయా బాబూ?" అనేది. గంటకు ముందే దిబ్బ మీద తల కనపడితే చేతికందిన ఇసుక పిడికెడు విసిరేది. కన్ను పోయినవాళ్ళకు ఓర్పు వస్తుందని పుస్తకాల్లో రాస్తారు. ఆమెకు రాలేదు. మేనల్లుడికి ఆమె అంటే ఇష్టం అందుకే.

ఈలోగా క్లబ్బు పెట్టి వందేళ్ళవుతోందని సంబరాలు మొదలయ్యాయి. మైదానాన్ని వేసిన పాతకాలపాయన ఎలా వేశాడో అలాగే తిరిగి తయారు చేశారు. పూడిపోయిన బంకర్లు తీశారు. పచ్చిక బిళ్ళలు ఇటుకల్లా పేర్చి గోడలు నిలువుగా లేపారు. గుడ్డిగుంట పక్క బంకరు మునుపటికన్నా లోతైంది, అందులో దిగినవాడి టోపీ కూడా బయటికి కనపడదు. అంతా అయ్యాక, గుడ్డిగుంట గట్టు దగ్గర ఒక రాయి నిలబెట్టి దాని మీద ఆనాడు కప్పు గెలిచిన ఆ కప్పాయన పేరు చెక్కించారు. ఆయన ముసలివాడయ్యాడు గానీ గట్టిగానే ఉన్నాడు. ఆయన వచ్చి, రాయి మీద గుడ్డ తీసి, అతిథులందరి ముందూ ఆ దెబ్బ మళ్ళీ కొట్టి చూపించాలని ఏర్పాటు.

సెక్రటరీ చిన్నవాడు, మర్యాదస్తుడు. తనే స్వయంగా గంట దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆ రోజు మీరు కొత్త యూనిఫాం వేసుకోవాలి. గంట మీరే కొట్టాలి. మీరూ మా చరిత్రలో భాగమే కదా."

"ఏ భాగం బాబూ? చెంపా, కన్నా?"

సెక్రటరీ నవ్వాడు. "మీరు భలే సరదా మనిషమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను అలా మలుపు తిరిగాడో లేదో మేనల్లుడు బండి ఆపి దూకాడు. "వెళ్ళకత్తా. వాళ్ళ రాయి పక్కన దిష్టిబొమ్మలా నిలబడతావా? గాయం చేసిందీ వాళ్ళే, దానికి పూలదండేసేదీ వాళ్ళే. సిగ్గుండాలి."

"నువ్వు సిగ్గుపడి ఏం ఉద్ధరిస్తావు గానీ, ఆయన సంచీ ఎవరు మోస్తారంట?"

"ఇంకెవరు? నాన్నే. ఆ రోజు మోసినవాడే మోస్తే ఫోటోలో బాగుంటుందట."

గంటత్త తాడు కొసను చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"అయితే వస్తా" అంది. "కొత్త యూనిఫాం కూడా వేసుకొస్తా."

ఆ రోజు గాలి విపరీతంగా ఉంది. కుర్చీలు తెచ్చి వేసే పని మేనల్లుడికి పడింది. వేసిన కుర్చీ వేసినట్టే పడిపోతుంటే వెనకాల నిలబడి పట్టుకోమన్నారు. అలా అతను గట్టుకు బాగా దగ్గరగా, నాన్న భుజం కనపడేంత దగ్గరగా ఉన్నాడు.

కప్పాయన గుడ్డ లాగాడు. చప్పట్లయ్యాక కథ చెప్పాడు. "ఆ రోజూ ఇదే గాలి. నేను నా వంతు బాగానే కొట్టాను. తక్కినది ఒక పనిమనిషి చూసుకుంది. చెంప అడ్డం పెట్టి బంతిని జెండా దగ్గరికి పంపింది. అంత చక్కని సాయం నాకు మా ఆవిడ కూడా ఎప్పుడూ చెయ్యలేదు." అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. చిత్తం సంచీ పట్టుకుని పళ్ళు కనపడేలా నిలబడ్డాడు. మేనల్లుడి చేతిలో కుర్చీ కిర్రుమంది.

బంతి పెట్టారు. కప్పాయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఇక గంట మోగాలి.

మోగలేదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆడవాళ్ళు టోపీలు పట్టుకున్నారు. ఫోటో తీసేవాడు మోకాలు మార్చాడు. సెక్రటరీ గొంతు సవరించుకుని, వెనక్కి తిరిగి, "కాస్త వెళ్ళి చూసిరా, ఏమైందో" అని మేనల్లుడితో అన్నాడు.

"గంట మోగకుండా దిబ్బ దాటకూడదండీ" అన్నాడు మేనల్లుడు. "కట్టుబాటు."

సెక్రటరీ అతని వైపు అదోలా చూశాడు. సరిగ్గా అప్పుడు గాలి పడిపోయింది.

సముద్రం పక్కన ఆడేవాళ్ళకు అలాంటి క్షణం అంటే ప్రాణం. వీచి వీచి గాలి ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఒక్కసారి ఆగుతుంది. ఆ క్షణంలో కొట్టిన బంతి అనుకున్నచోటికే పోతుంది. కొట్టేవాడు తటపటాయిస్తే అది మళ్ళీ దొరకదు. కప్పాయన మోకాళ్ళు వంగాయి, భుజాలు తిరిగాయి. బంతి మీద నుంచి చూపు తిప్పకుండా, పక్కనున్న క్యాడీని అడిగాడు.

"మోగింది కదా?"

"మోగిందండీ" అన్నాడు చిత్తం.

దెబ్బ పడింది. బంతి సున్నం రాయి మీదుగా వెళ్ళిపోయింది. చప్పట్లు. అందరూ పిల్లల్లా దిబ్బ మీదికి పరుగు తీశారు.

మేనల్లుడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. గాలి లేదు. గంట మోగి ఉంటే చెవిలో మోగినట్టు వినపడేది. మోగలేదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా నాన్న మోగిందన్నాడు. ఇన్నేళ్ళూ అతను అనుకున్నది, నాన్న అబద్ధం విచారణ గదిలో చెప్పాడని. పెద్దవాళ్ళకి భయపడి, జరిగిపోయాక, ఒక్క అబద్ధం. ఇప్పుడు అర్థమైంది. ఆ రోజూ ఇలాగే గాలి ఆగి ఉంటుంది. ఆ రోజూ ఆయన తల తిప్పకుండా ఇలాగే అడిగి ఉంటాడు. నాన్న ఇలాగే అనేసి ఉంటాడు, బంతి లేవకముందే. అత్త కన్ను పోయింది ఆ పెద్దమనిషి తొందర వల్ల ఒక్కదాని వల్లే కాదు. ఈ ఒక్క మాట వల్ల కూడా.

అతను దిబ్బ మీదికి పరిగెత్తేసరికి కింద గలాటాగా ఉంది. అతిథులు దిగేదాకా పల్లం మొత్తం ఖాళీగానే ఉంది. బంతి ఆ లోతు బంకరులో, నిలువుగోడకు ఆనుకుని పడి ఉంది. ఆ రోజు ఆమె వంగి ఇసుక దువ్విన చోటే. గంటత్త కొత్త యూనిఫాంలో, స్తంభం వెనకాల, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. గంట తాడు పైన ముడేసి ఉంది.

"ఏంటమ్మా ఇది? గంట ఎందుకు కొట్టలేదు?" అన్నాడు సెక్రటరీ, అతిథులకు వినపడకుండా పళ్ళ మధ్య నుంచి.

గంటత్తకు అలా మాట్లాడటం చేతకాదు. పల్లమంతా మోగేలా అంది. "ఆ రోజు నేను కొట్టకుండానే మోగిందిగా బాబూ! ఇవాళా మోగే ఉంటుంది. మోగకుండా బాబుగారు కొడతారా? అదుగో, మా తమ్ముడు పైనే ఉన్నాడు. అడగండి."

అందరూ పైకి చూశారు. దిబ్బ నెత్తిన, సున్నం రాయి పక్కన, చిత్తం సంచీతో నిలబడి ఉన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది మొహం. ఇదంతా ఏదో తమాషా అనుకున్న ఒక అతిథి, "చెప్పవయ్యా, మోగిందా లేదా?" అని నవ్వుతూ కేక వేశాడు. చిత్తం నోరు తెరిచాడు. మోగిందనీ అనలేదు, లేదనీ అనలేదు. మేనల్లుడు ఆయనకు చెయ్యిచాపు దూరంలో నిలబడి, "అను నాన్నా, అనెయ్" అని గొణిగాడు. ఆ నోట్లో మాట కదలడం అతను చూశాడు. ఒట్టేసి చెప్పగలడు, కదిలింది.

"ఆ పొట్టి కర్ర ఇలా పట్రా!" అని కింద నుంచి కప్పాయన అరిచాడు.

"చిత్తమండీ!" అని ఆయన దిబ్బ దిగి పరిగెత్తాడు.

గంటత్త అది చూసింది. తాడు ముడి విప్పి ఒక్కసారి లాగింది. గంట ఖంగుమంది. పక్షులు లేచిపోయాయి.

"ఇదీ మోగడమంటే" అంది. "తేడా తెలిసిందా అందరికీ?"

కప్పాయన బంకరులోంచి తల ఎత్తి, "ఎవరీవిడ?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఆయనకు తెలియదు. రాయి మీద తన పేరు చెక్కించుకోవడానికి పనికొచ్చిన మనిషి మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు కూడా బంతినే చూశాడు.

తర్వాత కాసేపు ఆ పాతకాలపాయన వేసిన గొయ్యి తన పని తను చేసింది. కప్పాయన ఇసుకలోకి కర్ర దింపి కొట్టాడు. బంతి గోడకు తగిలి ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చింది. ఇసుక ఎగిరి ఆయన టోపీ మీద పడింది. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు ఏం చెయ్యాలో తెలియక జేబుల్లోకి పోయాయి.

"ఇవాళ చెంప అడ్డం లేదుగా బాబుగారూ" అంది గంటత్త. "అందుకే ఇసుక తింటున్నారు."

ఎవరో పుసుక్కున నవ్వారు. అంతే. తర్వాత ఫోటోలు తీసుకున్నారు, భోజనాలకు వెళ్ళారు, గాలి గురించి మాట్లాడుకున్నారు. గంట సంగతి ఒక్కడూ ఎత్తలేదు. గంట మోగకుండా ఆయన కొట్టడం అంతమంది కళ్ళారా చూశారు, చెవులారా విన్నారు, అయినా ఒక్కడికీ దానికీ దీనికీ ముడి పెట్టాలనిపించలేదు. చదువుకున్నవాళ్ళు, లోకం చూసినవాళ్ళు. గోడకు చెప్పుకున్నా గోడ కనీసం బంతిని వెనక్కి కొడుతుంది.

సాయంత్రం ఇంట్లో మేనల్లుడు నాన్న ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి అన్నం తినమనే వీలు లేకుండా కంచం పక్కకు జరిపేశాడు.

"ఆ రోజు కూడా ఆయన కొట్టకముందే అడిగాడా?"

చిత్తం చాలాసేపు బూట్ల తాళ్ళు విప్పుకుంటూనే ఉన్నాడు.

"అడిగాడు."

"మోగిందని చెప్పావా?"

"వాళ్ళు అడిగేది ప్రశ్న కాదురా. ప్రశ్నలా ఉంటుంది. చిత్తం అనిపించుకోడానికి అడుగుతారు. గాలి ఎలా ఉందంటారు, వాళ్ళనుకున్నట్టే ఉందనాలి. బాగా కొట్టానా అంటారు, బాగా కొట్టారనాలి. నేను చేరిన కొత్తలో పెద్ద క్యాడీలు నేర్పింది అదే, లేదండీ అనే మాట సంచీలో పెట్టుకోకు, బరువెక్కుతుంది అని. ఆయన మోగింది కదా అన్నాడు. నా నోరు మోగిందండీ అనేసింది. అక్క అక్కడుందని…" ఆయన ఆగిపోయాడు. "అక్క అక్కడుందని తెలిసి కూడా అనేసింది."

"మరి ఇవాళ?"

"ఇవాళా అంతే. నాకు తెలియకుండానే."

మేనల్లుడికి ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆ కప్పాయన కన్నా, సెక్రటరీ కన్నా, గోడ మీది ఇత్తడి పలక కన్నా ఎక్కువగా, ఎదురుగా వంగి కూర్చున్న ఈ మనిషి మీద మండిపోయాడు. శత్రువు మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఇంట్లో చిత్తం అనే మనిషిని పెట్టుకుని ఎవడి మీద తిరగబడాలి?

"నేను వెళ్ళి అక్కతో మాట్లాడతానురా" అన్నాడు చిత్తం. "వెళ్ళి అడిగిరా. రానిస్తుందేమో."

మర్నాటికల్లా క్లబ్బు గంటత్తకు విశ్రాంతి ఇచ్చేసింది. వయసు మీద పడిందని, చెవులు మందగించాయని, ఇకపై ఆ పని యంత్రం చేస్తుందని చాలా మర్యాదగా చెప్పారు. గుడ్డిగుంట పల్లంలో ఇప్పుడు ఒక మీట ఉంది, నొక్కితే కూస్తుంది. మేనల్లుడు పనివాళ్ళ వరసలోని ఆమె గదికి వెళ్ళేసరికి ఆమె సామాను కడుతోంది. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోతోంది. కొత్త యూనిఫాం మడతపెట్టి తలుపు దగ్గర పడేసి ఉంది, ఎవరు తీసుకుపోతారో తీసుకుపొమ్మన్నట్టు.

"ఏం సాధించావత్తా?" అన్నాడు అతను. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "పని పోయింది. ఒక్కడికీ అర్థం కాలేదు."

"వాళ్ళకి అర్థం కావాలని ఎవడు ఏడ్చాడ్రా? ఆ పెట్టె అటు జరుపు."

పెట్టె జరుపుతూ, నాన్న చెప్పిందంతా చెప్పాడు. కొట్టకముందే అడగడం, కొట్టకముందే అనడం. గంటత్త కడుతున్న మూట వదిలేసి మంచం మీద కూర్చుంది. ఇది ఆమెకూ కొత్త. తమ్ముడి అబద్ధం తనకు దెబ్బ తగిలాక మొదలైందనుకుంది ఇన్నాళ్ళూ. ఉన్న ఒక్క కన్ను నేల మీద ఒకచోట నిలిచిపోయింది. అతను మంచినీళ్ళిచ్చినా తాగలేదు.

"నీతో మాట్లాడాలంటున్నాడు" అన్నాడు మేనల్లుడు. "బస్సు టైముకి ముందే వస్తానన్నాడు. రమ్మనమంటావా?"

ఆమె లేచి మూట ముడి బిగించింది. పళ్ళతో పట్టి బిగించింది. అప్పుడు అంది, ఆ వరసలో గదులన్నిటికీ వినపడేలా.

"రమ్మను. కానీ పిల్లిలా రాకూడదు. షెడ్డు దగ్గర బయల్దేరి, క్లబ్బు మేడ ముందు నుంచి, ఈ వీధి చివరిదాకా 'గంట మోగలేదు, గంట మోగలేదు' అని అరుచుకుంటూ రమ్మను. అలా వస్తే తలుపు తీసే ఉంటుంది. లోపలికొచ్చి గుసగుసలాడితే మాత్రం ఈ మూటతోనే కొడతా. అబద్ధం నలుగురిలో చెప్పాడు. నిజం నా చెవిలో చెప్పడానికి వస్తాడంట్రా?"